చేతివృత్తుల పరిశోధన: పైసలు ఎవరివి, ప్రశ్న ఎవరిది?

నిజాంసాగర్ ఆయకట్టు కింద వరి పండించే ఊళ్లకు ఒకప్పుడు ఎన్ని రకాల చేతిపనివాళ్లు కావలసి వచ్చేవారో ఇవాళ్టి పిల్లలకు చెప్పినా నమ్మరు. నాగలి, గొర్రు చెక్కే వడ్రంగి. కర్రు కాల్చి సాగదీసే కమ్మరి. చాటలు, గంపలు, వడ్లు పోసుకునే గుమ్ములు అల్లే మేదరి. కుండలు చేసే కుమ్మరి, గొంగడి నేసే కురుమ. మంజీర ఒడ్డున ఉన్న బీర్కూర్ అలాంటి వరి సీమలోని మండల కేంద్రం. 2016 అక్టోబర్ 11న కామారెడ్డి జిల్లా పుట్టేదాకా నిజామాబాద్ జిల్లాలో ఉండేది. ట్రాక్టర్లు, వరికోత మిషన్లు, ప్లాస్టిక్ తట్టలు వచ్చాక ఈ సీమలో చాలా పనులకు గిరాకీ పోయింది. పని పోతే కూలి పోవడం అందరికీ కనిపిస్తుంది. ఆ పనిలో తరతరాలుగా పోగుపడ్డ తెలివి పోవడం మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు.

ఆ తెలివిని రాసిపెట్టాలని, పరీక్షించాలని, పనికొచ్చేదాన్ని ముందుకు తీసుకుపోవాలని బీర్కూర్‌లో ఒకరు అనుకున్నారనుకుందాం. వాళ్లకు పైసలు ఎవరిస్తారు? ఏ షరతు మీద ఇస్తారు? వచ్చిన ఫలితం ఎవరి చేతికి పోతుంది? ఈ మూడు ప్రశ్నలతో చేతివృత్తుల పరిశోధనకు అందుతున్న నిధుల తీరును మొదటి నుంచి చూస్తే ఒక సంగతి తేలిపోతుంది. ఈ రంగానికి డబ్బు బొత్తిగా రాలేదనడం సరికాదు. రెండు వందల ఏళ్లుగా ఏదో ఒక రూపంలో వస్తూనే ఉన్నది. అయితే డబ్బిచ్చినవాళ్లే ప్రశ్నను కూడా తెచ్చారు. చేతిపనివాళ్లు జవాబు చెప్పేవాళ్లుగానే మిగిలిపోయారు.

అమ్మకం కోసం అధ్యయనం

మన చేతిపనుల మీద సర్కారు సొమ్ముతో జరిగిన తొలి పెద్ద అధ్యయనాల్లో ఒకటి 1866 నాటిది. లండన్‌లోని ఇండియా ఆఫీసు తరఫున జాన్ ఫోర్బ్స్ వాట్సన్ భారతీయ వస్త్రాల నమూనాలు సేకరించి 18 సంపుటాలు తయారు చేయించాడు. అందులో 700 గుడ్డ ముక్కలున్నాయి. అలాంటివి 20 సెట్లు తయారైతే 13 బ్రిటన్‌లోని పారిశ్రామిక నగరాలకు, 7 భారతదేశానికి దక్కాయి. ఉద్దేశం దాచుకున్నదేమీ కాదు. ఇక్కడి జనం ఏం కడతారో, ఏ రంగు, ఏ అంచు ఇష్టపడతారో అక్కడి మిల్లులకు తెలియాలి, అలాంటి గుడ్డ అక్కడ తయారై ఇక్కడ అమ్ముడుపోవాలి. పరిశోధనగా చూస్తే గొప్ప పని, అందులోని నమూనాలు నేటికీ పండితులకు ఆధారం. నేతగాడి వైపు నుంచి చూస్తే తన పొట్ట కొట్టడానికి తన పనినే సాక్ష్యంగా వాడుకున్నారు.

తర్వాతి దశలో, 1880ల నుంచి, భారత ప్రభుత్వం ఒక్కో చేతివృత్తి మీద ఒక్కో గ్రంథం రాయమని ప్రాంతీయ ప్రభుత్వాలను అడిగింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఎడ్గార్ థర్‌స్టన్ పట్టు వస్త్రాల మీద 1899లో రాశాడు. 1917లో వచ్చిన డబ్ల్యు.ఎస్. హాడవే గ్రంథం గుడ్డ మీద అద్దకం, చిత్రలేఖనాల గురించినది. మచిలీపట్నం, కాళహస్తి కలంకారీల చరిత్ర రాసేవాళ్లు ఇప్పటికీ దాని దగ్గరికి వెళ్లాల్సిందే. వీటికి విడిగా గ్రాంట్లు లేవు, ఉద్యోగుల జీతాలే పరిశోధన నిధులు. రాసినదంతా ఇంగ్లీషులోనే. అద్దకం వేసిన చేతికి ఆ పుస్తకం అందలేదు.

తెలంగాణకు వస్తే ఇంకా దగ్గరి ఉదాహరణ ఉన్నది. బీర్కూర్ ఉన్న పాత నిజామాబాద్ జిల్లాలోనే, కమ్మర్‌పల్లి వైపున కోనసముద్రం అనే ఊరున్నది. ప్రపంచం వూట్జ్ అని పిలిచిన ఉక్కు తయారైన ముఖ్య కేంద్రాల్లో అదొకటి. గ్రేట్ ట్రిగనోమెట్రికల్ సర్వేలో వైద్యుడుగా, భూగర్భ శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన హెన్రీ వోయ్‌సీ అక్కడి కొలుములను కళ్లారా చూసి రాసిపెట్టాడు. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును కలపడం, మూసల్లో పెట్టి మూత బిగించడం, రాత్రింబగళ్లు తిత్తులు ఊదుతూ కరిగించడం, ఆ ఉక్కు కొనడానికి పర్షియా నుంచి వ్యాపారులు రావడం ఇదంతా అందులో ఉంటుంది. వోయ్‌సీ 1824లో చనిపోయాడు. ఆయన రాసింది 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. భూమి కొలిచే సర్వే ఖర్చులోంచే ఒక చేతిపని వివరం దక్కిందన్నమాట. అదే కాలంలో లండన్‌లో మైఖేల్ ఫారడే, కత్తులు, శస్త్రచికిత్స పరికరాలు తయారు చేసే స్టోడార్ట్‌తో కలిసి ఈ ఉక్కు గుట్టు విప్పడానికి ప్రయోగాలు చేశాడు. ఇక్కడ కొలుములు ఆరిపోతుంటే అక్కడ ఆ ఉక్కు మీద శాస్త్రం పెరిగింది.

స్వతంత్రం వచ్చాక

1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడింది. కమలాదేవి చట్టోపాధ్యాయ నాయకత్వంలో అది చేసిన మేలు చిన్నది కాదు. శ్రీకాళహస్తిలో ఆరిపోబోతున్న కలంకారీకి శిక్షణ కేంద్రం పెట్టించి ఊపిరి పోసింది ఆ కాలంలోనే. 1956 నుంచి నేతగాళ్ల సేవా కేంద్రాలు మొదలయ్యాయి. డిజైన్లు, రంగులు, కొత్త మగ్గాల మీద అక్కడ కొంత పరిశోధన జరిగింది. అయితే ఆ పరిశోధన ఎప్పుడూ మార్కెట్ వెనకాలే నడిచింది. ఏం అమ్ముడుపోతుందన్న ప్రశ్న ముందు, ఇది ఎలా తెలిసిందన్న ప్రశ్న వెనక.

ఈ కాలంలో అన్నిటికన్నా విలువైన పని గ్రాంటుతో కాదు, జనాభా లెక్కలతో జరిగింది. 1961 సెన్సస్‌లో అప్పటి రిజిస్ట్రార్ జనరల్ అశోక్ మిత్రా పూనికతో ఒక్కో రాష్ట్రంలో ఎంపిక చేసిన చేతివృత్తుల మీద, ఎంపిక చేసిన గ్రామాల మీద ప్రత్యేక సంపుటాలు రాయించారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పనికి ఎ. చంద్రశేఖర్ బాధ్యులు. పనిముట్ల బొమ్మలు, ముడిసరుకు ధరలు, ఒక్కో వస్తువుకు పట్టే పని, కుటుంబాల ఆదాయం అన్నీ నమోదు చేశారు. అరవై ఏళ్లు దాటినా చేతివృత్తుల మీద పనిచేసేవాళ్లు మొదట తెరిచే పుస్తకాలు అవే. పేరున్న కళాకృతులకే పరిమితం కాకుండా మామూలు ఊరిని కూడా అధ్యయనానికి తగిన చోటుగా చూడటం ఆ సర్వేల గొప్పతనం.

2007లో అదితి రంజన్, ఎం.పి. రంజన్ సంపాదకత్వంలో జాతీయ డిజైన్ సంస్థ తెచ్చిన ‘హ్యాండ్‌మేడ్ ఇన్ ఇండియా’ మరో పెద్ద మెట్టు. కేంద్ర హస్తకళల కమిషనర్ కార్యాలయం డబ్బు పెట్టింది. దేశం మొత్తాన్ని ప్రాంతాలుగా విడగొట్టి ఎక్కడ ఏ పని ఉన్నదో చూపించే విజ్ఞాన సర్వస్వం అది. ఎక్కడేమున్నదో తెలిసింది. ఎలా చేస్తారో, ఎందుకలా చేస్తారో అంత విస్తారమైన పుస్తకంలో లోతుగా రాయడం కుదరదు.

ఇవాళ అదే కమిషనర్ కార్యాలయం జాతీయ హస్తకళల అభివృద్ధి కార్యక్రమాన్ని నడుపుతున్నది. మార్కెటింగ్, నైపుణ్య శిక్షణ, క్లస్టర్లు, నేరుగా లబ్ధి, మౌలిక వసతులతో పాటు ‘పరిశోధన, అభివృద్ధి’ కూడా అందులో ఒక విభాగం. సర్వేలు, అధ్యయనాలు, జీఐ (భౌగోళిక గుర్తింపు) నమోదు లాంటివి దాని కిందికి వస్తాయి. దరఖాస్తు చేయాల్సింది సంస్థలే, మనుషులు కాదు. 1952 నాటి బోర్డునైతే కేంద్రం 2020 ఆగస్టులో రద్దు చేసింది. చేతిపనివాళ్ల మాట వినడానికి పేరుకైనా ఉన్న ఒక వేదిక అలా పోయింది.

కోనసముద్రం చెప్పే పాఠం

గ్రాంటు ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలుసుకోవడానికి మళ్లీ కోనసముద్రమే మంచి ఉదాహరణ. తెలంగాణ చరిత్ర పరిశోధకుడు ఎస్. జైకిషన్ ఉత్తర తెలంగాణ ఊళ్లలో ఇనుము కరిగించిన జాగాలను ఏళ్ల తరబడి వెతికారు. చిట్టెపు దిబ్బలు, పగిలిన మూసలు, కొలుముల ఆనవాళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి 2007లో ఇండియన్ జర్నల్ ఆఫ్ హిస్టరీ ఆఫ్ సైన్స్‌లో వ్యాసం రాశారు. ఆ తర్వాత బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ‘పయనీరింగ్ మెటలర్జీ’ అనే ప్రాజెక్టు చేపట్టాయి. యూకే-ఇండియా విద్యా పరిశోధన కార్యక్రమం నిధులిచ్చింది. గిల్ జూలెఫ్, శారదా శ్రీనివాసన్, ఎస్. రంగనాథన్ దానికి సారథులు. 2010లో ఉత్తర తెలంగాణలో క్షేత్ర సర్వే జరిగి 2011లో మధ్యంతర నివేదిక వచ్చింది. సేకరించిన చిట్టెం, మూసల మీద ఎక్సెటర్‌లో డాక్టరేట్ పరిశోధనలు కూడా జరిగాయి.

ఇది మంచి గ్రాంటు. స్థానిక పరిశోధకుడు ముందే వేసిన దారిలో నడిచింది, విద్యార్థులను తయారు చేసింది, తెలంగాణ ఇనుము చరిత్రను ప్రపంచ పటం మీద పెట్టింది. ఇనుము కరిగించినవాళ్లు కొలిచిన మమ్మాయి దేవత గుళ్లు పాత కొలుముల జాడ చెప్పగలవన్న సంగతి కూడా ఇలాంటి క్షేత్ర పరిశోధనల వల్లే బయటి పండితులకు తెలిసింది. ఊరివాళ్ల మాట వినకుండా ప్రయోగశాలలో చిట్టెం కోసి చూస్తే ఆ సంగతి దొరికేది కాదు.

అయినా రెండు వెలితులు. మొదటిది, పని ఆగిపోయిన వందేళ్లకు గానీ పెద్ద డబ్బు రాలేదు. కొలిమి నడుస్తున్నప్పుడు అడగాల్సిన ప్రశ్నలను చిట్టెపు రాళ్లను అడగాల్సి వచ్చింది. రెండోది, ఫలితం దాదాపు అంతా ఇంగ్లీషు నివేదికల్లో, జర్నల్ వ్యాసాల్లో ఉన్నది. కమ్మర్‌పల్లి బడిలో చదివే పిల్లవాడికి తన మండలం గురించి ప్రపంచానికి తెలిసినంత కూడా తెలియదు.

చేనేతలో కొంత వేరు

చేనేత దగ్గర కథ కొంచెం మారింది. ఎందుకంటే ఇక్కడ పని ఇంకా బతికే ఉన్నది. 2019-20 నాటి నాలుగో చేనేత సెన్సస్ ప్రకారం దేశంలో 35 లక్షల మందికి పైగా ఈ పనిలో, అనుబంధ పనుల్లో ఉన్నారు. హైదరాబాద్‌లో ఉజ్రమ్మ, ఆమె సహచరులు నడిపిన దస్త్‌కార్ ఆంధ్ర, తర్వాత వచ్చిన మల్ఖా ప్రయత్నాలు పత్తి నుంచి గుడ్డ దాకా ఉన్న గొలుసును మళ్లీ ప్రశ్నించాయి. చేనేతను జాలి చూపాల్సిన రంగంగా కాక ఒక సాంకేతిక విద్యగా చూడాలన్న వాదన అక్కడ గట్టిపడింది. యూరోపియన్ కమిషన్ నిధులతో నడిచిన సెట్-డెవ్ ప్రాజెక్టులో హైదరాబాద్ పరిశోధకులు ఆ వాదననే ముందుకు తెచ్చారు. ‘నాలెడ్జ్ స్వరాజ్’ అనే ప్రకటన అందులోంచే పుట్టింది. చేనేత ఉద్యమంలోంచి వచ్చిన అన్నపూర్ణ మామిడిపూడి మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయంలో చేనేతలోని నవకల్పన మీద డాక్టరేట్ చేశారు. ఆ తర్వాత మ్యూనిక్‌లోని డాయిచెస్ మ్యూజియంలో యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ గ్రాంటుతో సాగిన పెనెలోపె ప్రాజెక్టులో పాలుపంచుకున్నారు. ప్రాచీన గ్రీకు నేతలోని గణితాన్ని అర్థం చేసుకోవడానికి యూరప్ పండితులకు మగ్గం తెలిసినవాళ్ల తెలివి అక్కరకొచ్చిందంటే, మన విశ్వవిద్యాలయాలు ఆ తెలివిని ఏ వరసలో కూర్చోబెట్టాయో మనమే ఆలోచించుకోవాలి.

దీనికి పూర్తిగా రెండో కొసన చింతకింది మల్లేశం ఉన్నారు. ఆలేరు దగ్గరి శారాజీపేటలో పోచంపల్లి చీరకు ఆసు పోసే పని, అంటే మేకుల చుట్టూ దారం తిప్పే పని, తల్లి చేస్తుంటే చూశారు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి, నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే భుజం ఏమవుతుందో చెప్పక్కర్లేదు. 1992లో మొదలుపెట్టి, అప్పులు చేసి, జనం నవ్వినా వదలక 1999 నాటికి లక్ష్మీ ఆసు యంత్రాన్ని నడిపించారు. గంటన్నరలో ఆసు పూర్తయింది. నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ గుర్తింపు, 2017లో పద్మశ్రీ తర్వాత వచ్చాయి. ఏడేళ్ల పరిశోధన కాలంలో మాత్రం ఆయన చేతిలో ఉన్నది గ్రాంటు కాదు, అప్పు. ఏటికొప్పాక లక్క బొమ్మలకు సహజ రంగులు తయారు చేసిన సి.వి. రాజు కథా ఇలాంటిదే. ఊళ్లో కూర్చుని చేసిన ప్రయోగాలు, ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు 2023లో పద్మశ్రీ. పరిశోధన పూర్తయ్యాక సన్మానించడం మన వ్యవస్థకు బాగా వచ్చు, నడుస్తుండగా ఖర్చు పెట్టుకోవడమే రాదు.

బీర్కూర్ నుంచి చూస్తే

ఇప్పుడు మనం అనుకున్న పరిశోధన ప్రతిపాదనను ఒక్కో తలుపు దగ్గరికి తీసుకుపోదాం. విషయం: మంజీర ఒడ్డు వరి ఊళ్లలో వెదురు అల్లకం. రాసింది డిగ్రీ చదివిన స్థానిక యువతి. సొంతంగా ఏ సంస్థా లేదు.

విశ్వవిద్యాలయం తలుపు: యూజీసీ నెట్‌లో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు. మంచి మొత్తమే. కానీ పీజీ గానీ, మంచి మార్కులతో నాలుగేళ్ల డిగ్రీ గానీ ఉండాలి, నెట్ గట్టెక్కాలి, గైడ్ దొరకాలి, మేదరి పని ఏ శాఖ కిందికి వస్తుందో తేలాలి. చరిత్ర శాఖ సమాజశాస్త్రమంటుంది, సమాజశాస్త్రం జానపదమంటుంది. డిచ్‌పల్లిలో 2006లో వెలసిన తెలంగాణ విశ్వవిద్యాలయానికి కామారెడ్డి జిల్లా భిక్కనూరులో దక్షిణ ప్రాంగణం కూడా ఉన్నది. ఈ సీమ చేతిపనులను ఎవరైనా సొంతం చేసుకోవాలంటే ఆ విశ్వవిద్యాలయమే చేసుకోవాలి.

సాంస్కృతిక మంత్రిత్వ శాఖ తలుపు: ఏటా 200 జూనియర్, 200 సీనియర్ ఫెలోషిప్‌లు. జూనియర్‌కు నెలకు 10,000, సీనియర్‌కు 20,000 చొప్పున రెండేళ్లు. డిగ్రీ చాలు, జానపద, సంప్రదాయ కళలు కూడా లెక్కలోకి వస్తాయి. మన ప్రతిపాదనకు అన్నిటికన్నా దగ్గరి సర్కారు తలుపు ఇదే. అయితే దేశం మొత్తానికి నాలుగు వందలు, అందులో సంగీతం, నృత్యం, నాటకం, సాహిత్యం అన్నీ కలిసే ఉన్నాయి. పైగా సొమ్ము పరిశోధకురాలికే. వెదురు చీల్చి చూపించే మనిషి రోజు కూలి ఆమె జేబులోంచే పోవాలి.

భారతీయ జ్ఞాన సంప్రదాయాల విభాగం 2020లో విద్యా మంత్రిత్వ శాఖ కింద ఏర్పడి పరిశోధన ప్రాజెక్టులకు నిధులిస్తున్నది. దాని ప్రకటనల్లో లోహశాస్త్రం, వాస్తు, చేతికళల ప్రస్తావన ఉంటుంది. దరఖాస్తు మాత్రం ప్రధానంగా విద్యాసంస్థల అధ్యాపకులకే. శాస్త్రగ్రంథంలో ఉన్న తెలివిని గౌరవించినంతగా చేతిలో ఉన్న తెలివిని మన సంస్థలు ఇంకా గౌరవించడం లేదు.

పీఎం విశ్వకర్మ 2023 సెప్టెంబర్ 17న 13,000 కోట్ల రూపాయల అంచనాతో మొదలైంది. 18 వృత్తుల్లో బుట్టలు, చాపలు, చీపుర్లు అల్లేవాళ్లూ ఉన్నారు. శిక్షణ, 15,000 రూపాయల పనిముట్లు, తక్కువ వడ్డీకి అప్పు ఉన్నాయి. పరిశోధన అనే మాటకు చోటు లేదు. ఒక మంచి సంగతి మాత్రం ఉన్నది. శిక్షణకు వచ్చిన చేతిపనివాళ్లకు రోజుకు 500 రూపాయల భృతి ఇస్తున్నారు. అంటే వాళ్ల రోజుకు ధర ఉన్నదని ప్రభుత్వమే ఒప్పుకున్నది. నేర్చుకోవడానికి వస్తే ధర ఉన్న రోజుకు, నేర్పడానికి కూర్చుంటే ధర లేకపోవడం ఏం న్యాయం?

వెదురు పేరుతో వచ్చే డబ్బు సంగతీ చూడాలి. 2017లో అటవీ చట్టం సవరించి అటవీయేతర భూముల్లోని వెదురును చెట్ల జాబితా నుంచి తీసేశారు. మరుసటి ఏడాది జాతీయ వెదురు మిషన్‌ను కొత్తగా తీర్చిదిద్దారు. దాని దృష్టి ప్రధానంగా మొక్కల మీద, తోటల మీద, పరిశ్రమ మీద. అల్లే మనిషికి తెలిసిన సంగతులు రాసిపెట్టడం మీద కాదు.

ప్రైవేటు తలుపుల్లో ఒకటి నిజంగా తెరిచే ఉన్నది. బెంగళూరులో 1993లో ఏర్పడిన ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ భారతీయ భాషల్లో దేనిలోనైనా ప్రతిపాదన తీసుకుంటుంది. తెలుగులో రాసి పంపొచ్చన్న ఈ ఒక్క సంగతి తెలియక ఎందరు ఆగిపోతున్నారో! విదేశీ తలుపుల్లో చెప్పుకోదగ్గది బ్రిటిష్ మ్యూజియం 2018లో ఆర్కేడియా అనే దాతృత్వ సంస్థ నిధులతో మొదలుపెట్టిన ఎండేంజర్డ్ మెటీరియల్ నాలెడ్జ్ ప్రోగ్రామ్. మ్యూజియంకు వస్తువు కావాలనదు, వస్తువు చేసే తీరును ఫొటోలు, వీడియోలు, మాటల్లో నమోదు చేసి అందరికీ ఉచితంగా అందుబాటులో పెడుతుంది. చేతిపనుల నిధుల చరిత్రలో ఇది పెద్ద మార్పే. కానీ ఫోర్బ్స్ వాట్సన్ కథ తెలిసినవాళ్లకు ఒక భయమూ ఉంటుంది. అందరికీ అందుబాటులో ఉంటే మిల్లుకూ అందుబాటులో ఉన్నట్టే. ఇక్కత్ డిజైన్‌ను గుడ్డ మీద అచ్చేసి పోచంపల్లి పేరుతో అమ్మేవాళ్లను మనం చూస్తూనే ఉన్నాం. ఏది బయటపెట్టాలో, ఏది దాచుకోవాలో చెప్పే హక్కు చేసేవాళ్లకే ఉండాలి.

2013 కంపెనీల చట్టం ప్రకారం లాభాల్లోంచి సామాజిక బాధ్యతకు పెట్టాల్సిన ఖర్చులో సంప్రదాయ కళలు, హస్తకళల అభివృద్ధి కూడా అర్హమైనదే. కంపెనీలు శిక్షణకు, స్టాళ్లకు పెడతాయి. ఫొటోలో బాగా కనిపించే ఖర్చు అది. పరిశోధన ఫొటోలో కనిపించదు.

ఇక అన్నిటికీ అడ్డంగా జీఐ పేరు నిలబడుతుంది. పోచంపల్లి ఇక్కత్, కరీంనగర్ వెండి తీగపని, నిర్మల్ బొమ్మలు, పెంబర్తి ఇత్తడి, చేర్యాల నకాషీ, గద్వాల చీర, సిద్దిపేట గొల్లభామ, ఆదిలాబాద్ డోక్రా, వరంగల్ దరీలు, నారాయణపేట చీర, తేలియా రుమాల్, హైదరాబాద్ లక్క గాజులు, ఇదీ తెలంగాణ హస్తకళల జీఐ వరస. పేరున్న పనికి పరిశోధకులు, డిజైనర్లు, డాక్యుమెంటరీలు, గ్రాంట్లు వరస కడతాయి. పేరు లేని పనికి పేరు తెచ్చే పరిశోధన ఎవరూ చేయరు. కర్ణాటకలో సండూరు లంబాడీ కుట్టుకు జీఐ దక్కింది. ఎల్లారెడ్డి, గాంధారి, బాన్సువాడ వైపు తండాల్లో బంజారా అవ్వల పెట్టెల్లో ఉన్న కుట్టు కూడా అదే కుటుంబానికి చెందినదే. దానికి ఏ కాగితమూ లేదు.

ఒక చాటలో ఎంత ఉన్నది

పేరులేని పనిలో పరిశోధించడానికేముందని అనేవాళ్లుంటారు. చాటనే తీసుకుందాం. మూడు వైపులా అంచు లేచి, ముందు వైపు పలుచగా తెరిచి ఉంటుంది. చెరిగినప్పుడు పొట్టు ముందుకు పోవాలి, గింజ వెనక్కి చేరాలి. అదే చాటతో నేమితే రాళ్లు, మట్టిబెడ్డలు విడిపోవాలి. ఈ రెండు పనులూ ఒకే వస్తువు చేయాలంటే అడుగు వంపు, అంచు ఎత్తు, బద్దల మందం లెక్కలో ఉండాలి. వెదురు ఎంత ముదిరినప్పుడు కొట్టాలి, కణుపుల దగ్గర ఎలా చీల్చాలి, పై పొర బద్ద ఎక్కడ వాడాలి, లోపలి బద్ద ఎక్కడ వాడాలి, ఇవన్నీ మేదరి చేతికి తెలుసు. చాట ఇంటికి వచ్చాక పని సగమే అయినట్టు. మెంతులు, పాత కాగితాలు నానబెట్టి, రుబ్బి, సందులు పూడేలా ఇంటి ఆడవాళ్లు పూస్తారు. అప్పుడు గానీ చిరు గింజలు జారకుండా నిలబడవు. ఆ పూత పురుగును ఎంతవరకు ఆపుతుంది? ఎన్నేళ్లు నిలుస్తుంది? మెంతి జిగురు బదులు ఇంకేమైనా వాడొచ్చా? ఇవి ఇంజనీరింగ్ ప్రశ్నలు, రసాయన ప్రశ్నలు, స్త్రీల పని చరిత్రకు సంబంధించిన ప్రశ్నలు. ఒక్క శాఖ వీటిని మోయలేదు. మేదరినీ, చాట వాడిన అవ్వనూ ఇద్దరినీ కూర్చోబెట్టకుండా ఒక్కదానికీ జవాబు దొరకదు.

గుమ్మి సంగతీ అంతే. వెదురు అల్లి, మట్టి, పేడ మెత్తిన గుమ్మిలో వడ్లు నెలల తరబడి నిలిచేవి. ధాన్యం నిలవ మీద దేశం కోట్లు ఖర్చు పెడుతున్నది. పాత నిలవ పద్ధతుల్లో ఏది ఎందుకు పనిచేసిందో పరీక్షించే చిన్న ప్రాజెక్టుకు మాత్రం ఏ శాఖా ముందుకు రాదు.

లెక్క ఎంత?

వృత్తి చేసేవాళ్లు ఆకలితో ఉంటే పరిశోధన ఎందుకు, ఆ డబ్బేదో నేరుగా ఇవ్వొచ్చు కదా అనే వాదన తేలిగ్గా కొట్టిపారేయలేం. పింఛన్, పనిముట్లు, అప్పు మాఫీ ముందు కావాల్సినవే. కానీ ఏ వస్తువుకు కొత్త వాడకం ఉన్నదో, ఎక్కడ శ్రమ తగ్గించవచ్చో తెలియకుండా ఇచ్చిన పనిముట్లు అటక ఎక్కుతాయి. మల్లేశం యంత్రం సబ్సిడీలోంచి రాలేదు, ప్రశ్నలోంచి వచ్చింది. ఆ ప్రశ్న వేసుకునే తీరిక కొనిపెట్టడమే గ్రాంటు పని.

దానికి పెద్ద మొత్తమేమీ అక్కర్లేదు. మన బీర్కూర్ ప్రతిపాదనకు ఏడాది ఖర్చు వేసి చూద్దాం. ఇద్దరు చేతిపనివాళ్లకు 60 రోజుల చొప్పున, రోజుకు 800 రూపాయలు: 96,000. స్థానిక పరిశోధకురాలికి నెలకు 10,000 చొప్పున 1,20,000. కెమెరా, రికార్డింగ్ 30,000. ప్రయాణాలు 24,000. తెలుగు పుస్తకం అచ్చుకు 30,000. మొత్తం 3 లక్షలు. ఒక్క జూనియర్ రీసెర్చ్ ఫెలోకు ఏడాదికి ఇచ్చే 4,44,000 కన్నా తక్కువ. ఇందులో దాదాపు మూడో వంతు చేసే చేతికే పోతుంది. పది మండలాలకు ఇలా చేసినా 30 లక్షలు. ఒక జిల్లా పాలనకు, ఒక మోస్తరు కంపెనీకి ఇది లెక్కలోకి రాని సొమ్ము.

చిన్న ఖర్చుతో పరిశోధన నడవదనేవాళ్లు పల్లెసృజనను చూడాలి. విశ్రాంత బ్రిగేడియర్ పోగుల గణేశం బృందం ‘చిన్న శోధయాత్ర’ల పేరుతో ఊళ్లెంట నడిచి సామాన్యుల ఆవిష్కరణలను వెలికితీస్తున్నది. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ దశాబ్దాల పాటు తిరిగి సేకరించిన వాయిద్యాలు, పటాలు, పనిముట్లు ‘ఆద్యకళ’గా జనం ముందుకు వచ్చాయి. ఇలాంటి పనులు పట్టుదల మీద నడిచాయి. ఒక మనిషి పట్టుదల మీద ఒక జిల్లా చేతిపనుల జ్ఞాపకం ఆధారపడటం మాత్రం మంచిది కాదు.

తేలిందేమిటి?

ఇన్ని తలుపులు చూశాక మన నిధుల వ్యవస్థలో మూడు లోపాలు స్పష్టం. చాలా గ్రాంట్ల పరిమాణం పెద్దది, కాబట్టి సంస్థలకే దక్కుతుంది. భాష చాలావరకు ఇంగ్లీషు, హిందీ, కాబట్టి చదువుకున్నవాళ్లకే దక్కుతుంది. చేతిపనివాళ్ల పేరు బడ్జెట్‌లో ఉండదు, కాబట్టి ఫలితం మీద కూడా వాళ్ల పేరుండదు.

సరిదిద్దడానికి కొత్త చట్టాలేమీ అక్కర్లేదు. తెలంగాణ విశ్వవిద్యాలయం ఏటా కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల నుంచి కొన్ని చిన్న ప్రతిపాదనలను తెలుగులో పిలవాలి. సాంస్కృతిక మంత్రిత్వ శాఖ ఫెలోషిప్‌లో చేతిపనివాళ్ల రోజు కూలికి విడిగా ఒక పద్దు చేర్చాలి, విశ్వకర్మ పథకంలో ఇప్పటికే ఉన్న 500 రూపాయల రేటు కనీసంగానైనా సరే. డబ్బిచ్చిన ప్రతి సంస్థ నివేదిక ప్రతిని తెలుగులో ఆ ఊరి బడికి, గ్రంథాలయానికి, పని చూపించిన కుటుంబానికి ఇచ్చాకే చివరి విడత విడుదల చేయాలి. ఏం బయటపెట్టొచ్చో ఆ కుటుంబం రాతపూర్వకంగా చెప్పాకే అచ్చుకు పోవాలి.

బీర్కూర్, బాన్సువాడ, ఎల్లారెడ్డి వైపు డిగ్రీ చదువుతున్న పిల్లలకు ఒక మాట. కోనసముద్రం కొలుములు నడుస్తున్నప్పుడు వాటి గురించి మన భాషలో రాసుకున్నవాళ్లు ఉండి ఉంటే ఇవాళ మనం చిట్టెపు రాళ్ల మీద ఆధారపడేవాళ్లం కాదు. మీ ఊళ్లో చివరి చాట అల్లే మనిషి ఇంకా ఉంటే గ్రాంటు కోసం ఆగకండి. వెళ్లి అడగండి, రాసుకోండి, ఆయన పేరుతో, ఆయన అనుమతితో. ఆ నోటు పుస్తకమే మీ దరఖాస్తుకు మొదటి కాగితం అవుతుంది. ఆ కాగితం పట్టుకుని వచ్చినవాళ్లకు తలుపు తీయడం ఇక విశ్వవిద్యాలయాల, ప్రభుత్వాల వంతు.